కల్లుపాకలోని పాట

పానము నింద్యమని చెప్పుటకు మనకు క్రొత్త ప్రమాణము లక్కఱలేదు. కచుని బూడిదను సురతో కలిపి త్రాగిన శుక్రాచార్యుడు పశ్చాత్తప్తుడై విప్రులకు మద్యమును నిషేధించెనని భారతము చెప్పుచున్నది. యాదవులు మత్తులై తుంగపరకలతో నొకరినొకరు కొట్టుకొని నశించిరనియు నా గ్రంథమే చెప్పుచున్నది. ఇంత విన్నను జనులు కల్లుపాకకేల పోవుచున్నారు? దీనికి సమాధానమును పుస్తకములయందు వెదకుట చాలించి, యొక శనివారము సాయంకాలమున పరవాడ చెంత నున్న యొక తాటాకుపాకకు పోయితిని. అచ్చట జముకుల కథ చెప్పుదురని నా పూర్వశిష్యుడొకడు తెలిపియుండెను.

పరవాడ విశాఖపట్టణమునకు నైరుతిదిక్కున నున్నది. 2022 మొదలు అనకాపల్లిజిల్లాలోనిది. చేలకును తాళ్లకును నిలయమైన యా సీమలో నేడు 2000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్కేంద్రమును, ఔషధకర్మాగారములును వెలసినవి. ఒడిశా, బీహారు మున్నగు దేశములనుండి వచ్చిన కూలీ లిరుకుగదులలో తల దాచుకొనుచున్నారు. పని ముగిసిన పిమ్మట నలుగురితో కూర్చుండి మాటలాడుకొనుటకు వారికి చోటేది? ఆ చోటు పాకలో దొరకుచున్నది.

నాలుగు బల్లలు, కల్లుకుండలు, ఉడికించిన సెనగలు, ఎండుచేపల వాసన — ఇదియే యచ్చటి వైభవము. నన్ను చూచి దుకాణదారుడు కొంచెము బెదరి, "తాగకపోతే మానె, కూకోండి మేస్టారూ" అని బల్ల తుడిచెను. జముకనగా అడుగున తోలు మూసిన గుండ్రని పాత్ర. తోలు నడుమనుండి వచ్చు నరపుతీగను బిగలాగి మీటుదురు. బిగించినకొలదిని నాదము హెచ్చును. ముసలి కథకు డెల్లమ్మ కథ నెత్తుకొనగానే మాటలు సద్దుమణగినవి. తెలుగు రాని ఒడియా పడుచువాడొకడు జముకు దరువునకు బల్లమీద వ్రేళ్లతో తాళము వేయుచుండెను. కథ సాగినంతసేపును రెండవముంత నడిగినవారరుదు. కథ నిలిచినతోడనే పిలుపులు మొదలయ్యెను. దుకాణదారునకు పాట యెర. వచ్చినవారికి మాత్రమదియే విందు.

నీకు కూలి యెంతయని కథకుని నడిగితిని. "పడేసిన కాడికి బాబూ. నేకపోతే ముంత కల్లు" అనెను. మఱియొకచోట చెప్పరాదా యనగా, "పిలిస్తే వస్తాం. ఎవులు పిలుత్తారు?" అనెను.

పాక వెలుపల చెట్టు క్రింద బిడ్డ నొడిలో నిడుకొని యొక స్త్రీ కూర్చుండియుండెను. భర్త వారపుకూలి ముగియకమునుపే కొంతయైన పుచ్చుకొనవచ్చినదట. లోనికి రారాదా యంటిని. "నానెలాగొస్తాను మేస్టారూ? కతైతే ఇక్కడికీ ఇనిపిత్తంది" అనెను. ఎల్లమ్మ కథ స్త్రీ కథ. దానిని వినుటకామె చీకటిలో కూర్చుండవలసెను. ఇంటి బియ్యపు డబ్బు లోపల ముంతలపాలగుచుండెను.

1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో అక్షరములు దిద్దుకొన్న స్త్రీలు సారాదుకాణమును మూయించిరి. వారి పట్టుదలవలన 1993లో సారాయియు, 1995లో సర్వమద్యమును నిషిద్ధములయ్యెను. 1997లోనే యా నిషేధము సడలిపోయెను. ఆ స్త్రీలు చేయదగినది చేసిరి. చదువుకొన్న మనము చేయవలసినది మిగిలియున్నది. ఒక తలుపు మూయించితిమే కాని, మఱియొక తలుపు తెఱవలేదు. లండనులో కాఫీశాలలు మద్యము లేకయే జనులను కూర్చినవి. 1711లో ఆడిసను, స్టీలు నడపిన స్పెక్టేటరు పత్రికను జనులచ్చట కూడి చదువుకొనిరి. తాటిరసమును చూడుడు. కుండలో సున్నము పూసిన నది పులియక నీరా యగును. పూయకున్న పొద్దెక్కినకొలదిని కల్లగును. చెట్టొక్కటే.

మన యిండ్లలో పెండ్లికి సంగీతపుకచేరీ పెట్టించి, జముకును తక్కువజాతి విద్యయని పాకకు తోలినది మనమే. కనుక నా మనవి యిది. నెలకొక్కమారు బడివసారాలో కథ చెప్పింపుడు. కథకుని చేతిలో రూకలే పెట్టుడు. స్త్రీలను ముందువరుసలో కూర్చుండబెట్టుడు. వచ్చినవారికి టీ యిండు. అది కూలి ముట్టెడు శనివారము సాయంకాలముననే జరుగవలెను. ఆదివారముదయమున పిలిచిన ఫలము లేదు.