ముప్పై నిండకుండానే

నిన్న పనిమీద రాజమండ్రి వెళ్లి, పెద్దాపురం బస్సుకి ఇంకా టైముందని దామెర్ల రామారావు గ్యాలరీలో దూరాను. చిత్రకారుల చివరిరోజుల బొమ్మలంటే మనకో లెక్కుంది: ముసలి మొహాలు, బల్లమీద నాలుగు పళ్లు, వణికే గీత. సెజాన్‌కి ఆపిల్ పళ్లు గీసుకునే ముసలితనం దొరికింది. రామారావుకేదీ? 1897లో పుట్టి, రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర చలవతో బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, 1925లో మశూచితో పోయాడు. అంటే, అక్కడున్న కుర్రతనపు బొమ్మలే చివరి బొమ్మలు కూడా!

ఓ ఆడమనిషి బొమ్మ ముందు ఆగాను. ఆ మెడ వంపు గీసిన చేతిలో ఎక్కడా తొందర లేదు. ఇంకా బోలెడు టైముందనుకున్న మనిషి గీత అది. పైనున్న అద్దంలో నా నెరిసిన జుట్టు కనబడింది. నాకిప్పుడు ఆయన వయసుకి రెట్టింపు.

బస్సు తప్పిపోయిందనుకోండి, అది వేరే సంగతి.