దేవులాడితే దొరకాలె

కొత్తగా వెబ్‌సైట్ పెట్టుకున్నవాళ్లకి సెర్చ్ కన్సోల్ రెండు రకాలుగా ‘లేదు’ అని చెప్తుంది. మొదటి రకం: ఈ పేజీ ఉందని తెలిసింది, ఇంకా ఇండెక్స్‌లో చేర్చలేదు. రెండో రకం: ఈ పేజీని చూశాం, ఇంకా ఇండెక్స్‌లో చేర్చలేదు. పైకి రెండూ ఒకటే. మొదటిది మాత్రం, మీ ఇల్లెక్కడో తెలుసు, వీలు చూసుకుని వస్తాం అనడం. రెండోది వచ్చి, కూర్చుని, టీ తాగి, ‘కబురు చేస్తాం’ అని లేచిపోవడం. పెళ్లిచూపులు జరిగిన ఇంట్లో పెరిగినవాళ్లకి ఏది ఎక్కువ గుచ్చుకుంటుందో చెప్పక్కర్లేదు.

నా సైట్‌లో 64 పేజీలున్నాయి. పేజీకో మాట. అన్నీ కామారెడ్డి జిల్లా సదాశివనగర్ మండలంలో మా బాపమ్మా, ఆమె ఈడువాళ్లూ పొలం పనుల్లో వాడిన మాటలు. మునుం, కైకిలి, గెట్టు, మక్క, ఇట్లా. ఒక్కో మాటకి అర్థం, ఆ మాట వచ్చే ఒక వాక్యం, అది ఎట్లాంటి పనిలో వాడతారో నాలుగు ముక్కలు. మూడు నెలలయ్యాక చూస్తే ఇండెక్స్‌లో ఉన్నవి 5. అందులో ఒకటి ‘నా గురించి’ అనే పేజీ. అంటే నేను దొరుకుతున్నాను. నేను ఎవరి మాటలు రాశానో వాళ్లు దొరకట్లేదు.

లింకు పంపితే చదువుతాం కదా, ఈ ఇండెక్స్ గోల ఎందుకు అని స్నేహితులు అడిగారు. కథకైతే ఆ మాట చెల్లుతుంది. కథని ఎవరూ వెతుక్కుంటూ రారు, ఎవరో చదవమంటే వస్తారు. మాట సంగతి వేరు. నగరంలో పుట్టిన పిల్ల ఎవరో ఫోన్‌లో నానమ్మ నోట ‘మునుం’ అని వింటుంది. అడిగేలోపు మాట ఇంకెక్కడికో పోతుంది. కొన్నేళ్లకి అడగడానికి నానమ్మ ఉండదు. అప్పుడు ఆ పిల్ల చేసేది ఒక్కటే, ఫోన్ తీసి ఆ మాట కొట్టడం. ఆ పిల్లకి నేను తెలీదు, నాకు ఆ పిల్ల తెలీదు. లింకు ఎవరికని పంపను?

మా వైపు వెతకడాన్ని దేవులాడటం అంటారు. కందీలు ఆరిపోయిన ఇంట్లో అగ్గిపెట్టె కోసం చేతులతో తడుముతారు చూడండి, ఆ వెతకడం. వస్తువు అక్కడే ఎక్కడో ఉందన్న నమ్మకం ఆ మాటలో ఉంది.

ఇండెక్స్ పని చేసే తీరు అంత కష్టమేం కాదు. సెర్చ్ ఇంజన్ మనం అడిగినప్పుడు లోకమంతా తిరిగి రాదు. ముందే తిరిగి, చదివి, ఏ మాట ఏ పేజీలో ఉందో రాసిపెట్టుకుంటుంది. పాత పుస్తకాల చివర పదసూచిక ఉండేది, అదే ఇది. మనం అడిగితే చూసేది ఆ సూచికనే. తిరిగే పని చేసే ప్రోగ్రామ్‌ని క్రాలర్ అంటారు. దానికి కొత్త పేజీలు తెలిసే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి, తనకి ముందే తెలిసిన ఏదో పేజీలో మన పేజీకి లంకె కనబడటం. రెండు, మన పేజీల జాబితా మనమే రాసి ఇవ్వడం. ఈ జాబితాని సైట్‌మ్యాప్ అంటారు. 2005లో గూగుల్ మొదలుపెట్టింది, మరుసటి ఏడాది యాహూ, మైక్రోసాఫ్ట్ కూడా ఒప్పుకున్నాయి. ఒక్క ఫైల్‌లో 50,000 చిరునామాల దాకా రాయొచ్చు. నావి 64.

ఇవ్వాల్సినవి అన్నీ ఇచ్చాను. సైట్‌మ్యాప్ పెట్టాను. రోబోట్స్ ఫైల్‌లో ఎక్కడా అడ్డం లేదని చూసుకున్నాను. 1994 నుంచీ వాడుకలో ఉన్న చిన్న ఫైల్ అది, క్రాలర్లు ఎక్కడికి రావొచ్చో ఎక్కడికి రాకూడదో చెప్పే గుమ్మం ముందు బోర్డు లాంటిది. ‘నన్ను సూచికలో చేర్చొద్దు’ అని చెప్పే ట్యాగ్ ఏ పేజీలోనూ లేదు. ముందు పేజీ నుంచి ప్రతి మాటకీ, ప్రతి మాట నుంచి దాని చుట్టాలకీ లంకెలున్నాయి. ముఖ్యమైన పేజీలకి ఒక్కోసారి బటన్ నొక్కి విన్నవించుకున్నాను. మళ్లీ మళ్లీ నొక్కితే పని తొందరగా అవదని, జాబితా ఇచ్చినంత మాత్రాన చేర్చుకుంటామని హామీ లేదని గూగుల్ తన సహాయ పేజీల్లో స్పష్టంగానే రాసింది. తహసీల్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి రసీదు తెచ్చుకున్నట్టే ఇది. రసీదు చేతిలో ఉందంటే దరఖాస్తు అందిందని అర్థం, అంతే.

ఇక మిగిలింది మా ఊరి సంగతీ, మన భాష సంగతీ.

ఊరు. బెంగళూరులో ఒక సదాశివనగర్ ఉంది. శాంకీ చెరువు పక్కన, సంపన్నులూ రాజకీయ నాయకులూ ఉండే పేట. ఇంగ్లిష్ అక్షరాల్లో ఆ పేరు కొట్టేవాళ్లలో ఎక్కువమందికి కావాల్సింది అదే అనుకోవడంలో యంత్రం తప్పేం లేదు. మాది కామారెడ్డి నుంచి నిజామాబాద్ పోయే హైవే మీది మండలం. ఎల్లారెడ్డి నియోజకవర్గంలో ఉంటుంది. మండలంలోనే అడ్లూర్ ఎల్లారెడ్డి అని ఇంకో ఊరుంది, ఎల్లారెడ్డి పట్నానికీ దానికీ సంబంధం లేదు. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చేదాకా మాది నిజామాబాద్ జిల్లా. పాత కాగితాలన్నిట్లో అట్లాగే ఉంటుంది. హైవే నంబర్ ఒకప్పుడు 7, ఇప్పుడు 44. ఊరు ఇంచు కదల్లేదు, చిరునామా మాత్రం కదులుతూనే ఉంది. తెలంగాణ ఊళ్ల పేజీలన్నిట్లో కొత్త జిల్లాల పేర్లు చేర్చుకుంటూ పోయిన తెలుగు వికీపీడియా వలంటీర్లు చేసిన పని ఎంత పెద్దదో, పాత పేరుతో వెతికి దారి తప్పినవాళ్లకే తెలుస్తుంది.

తర్వాత భాష. ‘సదాశివనగర్‌లో’ అని రాయాలంటే ‘ర్’కీ ‘లో’కీ మధ్య కంటికి కనబడని ఒక అక్షరం పెట్టాలి, లేకపోతే అది ‘సదాశివనగర్లో’ అవుతుంది. చదివేవాళ్లకి రెండూ ఒకటే. యంత్రానికి ఒకటి కావాలంటే ఎవరో ఒకరు దానికి నేర్పాలి. పేజీ చిరునామా తెలుగులో పెడితే ఇంకో ముచ్చట. చిరునామాలో ఒక్కో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తుతో సహా, తొమ్మిదేసి గుర్తులుగా మారిపోతుంది. పది గుర్తుల ‘సదాశివనగర్’ తొంభై అవుతుంది. వాట్సాప్‌లో అతికిస్తే శాతం గుర్తులతో నిండిన ఆ బారెడు తోకని చూసి, ఇదేదో మోసం లింకు అని మా మేనమామ తెరవనే లేదు. బ్లాగర్‌లో రాసిన పాతవాళ్లకి ఇంకో కథ గుర్తుంటుంది. శీర్షిక తెలుగులో పెడితే చిరునామాలో ఒట్టి ‘బ్లాగ్-పోస్ట్’ అని, తర్వాతి వాటికి దాని పక్కన ఏదో అంకె వచ్చేవి. ఎన్ని వేల తెలుగు వ్యాసాలు పేరు లేకుండా అట్లా నంబర్లతో బతుకుతున్నాయో.

అంతకుముందు ఇంకా అన్యాయంగా ఉండేది. మన పత్రికల వెబ్‌సైట్లు చాలా ఏళ్లు సొంత ఫాంట్లతో నడిచాయి. తెర మీద తెలుగు కనిపించేది కానీ ఫైల్‌లో ఉన్నది తెలుగు కాదు, తెలుగు వేషం వేసుకున్న ఇంగ్లిష్ అక్షరాలు. సెర్చ్ ఇంజన్‌కి అది అర్థం లేని చెత్త. తెలుగుకి యూనికోడ్‌లో 1991 నుంచే చోటుంది. ఆ చోటుని మనం వాడుకోవడానికి మాత్రం పదిహేనేళ్లు పట్టింది. వీవెన్ లేఖిని వచ్చాక ఇంగ్లిష్ కీబోర్డ్ మీద ఎవరైనా తెలుగు రాయగలిగారు. నాగార్జున వెన్న చేసిన పద్మ, ఆ వేషపు తెలుగుని అసలు తెలుగులోకి మార్చి చూపించేది. ఇప్పటికీ స్కాన్ చేసిన వేల తెలుగు పుస్తకాలు బొమ్మలుగానే పడున్నాయి. వికీసోర్స్‌లో ఎవరో ఓపిగ్గా కూర్చుని ఆ బొమ్మల్ని అక్షరాలు చేస్తున్నారు. వాళ్లు ఒక్కో పేజీ దిద్దినప్పుడల్లా దేవులాడితే దొరికేవి కొన్ని పెరుగుతున్నాయి.

ఇవన్నీ తెలుసుకున్నాక నాకు ఎక్కువగా అసూయ కలిగించింది బ్లాగుల కాలం. నేను అప్పుడు బళ్లో ఉన్నాను, పాత పేజీలు తవ్వుకుని చూసిందే. అప్పుడు కూడలి, జల్లెడ లాంటి సంకలినులుండేవి. ఎవరు ఏం రాసినా అక్కడ తేలేది. ప్రతి బ్లాగు పక్కనా నచ్చిన బ్లాగుల జాబితా ఉండేది. ఒకరి టపాకి జవాబుగా ఇంకొకరు టపా రాసి, ఫలానావారికి జవాబు అని లంకె ఇచ్చేవాళ్లు. కొట్లాడుకున్నా లంకెలతోనే కొట్లాడుకున్నారు. ఆ లంకెలన్నీ క్రాలర్‌కి తోవలు. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో చెప్పిన ఊహ కూడా ఇదే కదా: ఒక పేజీ విలువ దాన్ని ఎవరెవరు చూపిస్తున్నారో బట్టి తెలుస్తుంది. మన బ్లాగర్లు ఎవరికోసమో కాదు, పలకరించుకోవడానికి చేసిన పని వాళ్ల పేజీల్ని దొరికేలా చేసింది.

ఇప్పుడు పలకరింపులు తగ్గలేదు, చోటు మారింది. నా పేజీలు నచ్చినవాళ్లు వాట్సాప్ గ్రూపులో పంచుకున్నారు. ఇన్‌స్టా స్టోరీలో స్క్రీన్‌షాట్ పెట్టారు. నాలుగు మంచి మాటలు రాశారు. నాకు సంతోషమే. కానీ వాట్సాప్ గ్రూపులోకి క్రాలర్ రాలేదు, స్టోరీ మర్నాటికి ఉండదు, స్క్రీన్‌షాట్‌లో లంకె లేదు. తలుపులేసుకున్న గదుల్లో చప్పట్లు కొడుతున్నాం. బయట తోవలో పోయేవాడికి లోపల ఎవరున్నారో ఎట్లా తెలుస్తుంది?

ఇదంతా పక్కన పెట్టి నన్ను నేను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఒక యంత్రం చేర్చుకుంటేనే మాటకి విలువా? 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వచ్చింది, వ్యవసాయం మీద. ఊళ్లకి పోయి, రైతుల్ని అడిగి, నాగలిలో ఏ భాగాన్ని ఎక్కడ ఏమంటారో రాసుకున్నారు. ఆ తిరిగినవాళ్లకి ఎవరూ జాబితా ఇవ్వలేదు. వాళ్లే వెతుక్కుంటూ పోయారు, ఎదుటివాళ్లు చెప్పింది ముఖ్యమా కాదా అని వాకిట్లో నిలబడి లెక్కలు వేయలేదు. యంత్రానికి ఆ మర్యాద ఉండదు. దాని దగ్గర చోటుకీ సమయానికీ ఖరీదుంది, అడిగేవాళ్లు లేని పేజీని అది ఎందుకు మోయాలి?

బాపమ్మ కూడా అదే అంది. నేను మాటలు రాసుకుంటుంటే చూసి, “గివన్ని ఎవలు దేవులాడుతరు బిడ్డా? పని చేసెటోనికి ఎర్కనే ఉంటయి, చెయ్యనోనికి ఎందుకు?” అంది. చాలా రోజులు నా దగ్గర జవాబు లేదు. పని చేసేవాళ్లకి ఎరుకే. కానీ మునుం పట్టి కలుపు తీసే ఆడవాళ్ల వరస ఉన్న చేన్ల మీద ఇప్పుడు కలుపు మందు కొడుతున్నారు. పని పోతే దాని మాట అనాథ అవుతుంది. ఆ మాట తర్వాత ఉండగలిగేది పని చెయ్యనివాళ్ల దగ్గరే, నాలాంటి వాళ్ల దగ్గరే.

నాలుగో నెలలో, వరి నాట్ల గురించి వ్యాసం రాసిన ఒకావిడ మధ్యలో ‘మునుం’ అన్న చోట నా పేజీకి లంకె ఇచ్చారు. ఆమె ఎవరో నాకు తెలీదు. రెండు వారాల్లో ఆ పేజీ ఇండెక్స్‌లోకి వచ్చింది. దాని వెనకే గెట్టు, కైకిలి వచ్చాయి. ఇప్పుడు 64లో 23 ఉన్నాయి. మక్క ఇంకా రాలేదు.

ఎవరు ఏం వెతుకుతూ వచ్చారో కన్సోల్‌లో చూపిస్తారు. కానీ మరీ కొద్దిమందే అడిగిన మాటల్ని, అడిగినవాళ్ల గోప్యత కోసం చూపించరు. మొత్తం లెక్కలో మాత్రం ఉంటాయి. అందుకని నా పట్టికలో పోయిన నెల 11 మంది వచ్చినట్టుంది, ఏ మాట కొట్టి వచ్చారన్న చోట ఖాళీ. ఎవరో పదకొండుమంది దేవులాడారు, వాళ్లకి దొరికింది. బాపమ్మకి ఈ లెక్క చెప్పాను. “పదకొండుమందే?” అని కాదు, “పదకొండుమందా!” అంది.

ఈ వారం నుంచి ప్రతి పేజీ కిందా ఇంకొకరి పేజీలకి లంకెలు పెడుతున్నాను. నల్లగొండ మాటల మీద ఒకరు రాసినవి, శ్రీకాకుళం చేపల పేర్ల మీద ఒకరు రాసినవి, ఎవరూ చూడక పడున్న ఒక చేనేత పదాల జాబితా. వాటిలో కొన్ని నాలాగే ‘ఇంకా చేర్చలేదు’ కింద ఉండొచ్చు. మీకూ అట్లాంటి పేజీ ఏదైనా తెలిస్తే, ఈసారి మీరు రాసే దాంట్లో, అందరూ చదవగలిగే చోట, దాని పేరు మీద ఒక లంకె పెట్టండి.