అప్పజెప్పిన సైకిలు

మా కళాశాలలో ఇంటర్మీడియట్ చదివి, ఆ తరువాత నర్సింగు పూర్తిచేసి, కరీంనగర్‌లోని ఒక ఆస్పత్రిలో పనిచేస్తున్న నా పూర్వవిద్యార్థిని ఒక ఆదివారం ఉదయం మా ఇంటికి వచ్చింది. చేతిలో లావుపాటి నోటుపుస్తకం ఉన్నది. "సార్, ఇంగ్లీషుల అప్పజెప్త. పుస్తకం మీరు పట్టుకోండి, ఎక్కడన్న తప్పితె చెప్పండి" అన్నది. తెలుగు బోధించేవాని దగ్గరికి ఈ పని ఎందుకు తెచ్చిందా అని విస్తుపోయాను. "అప్పుడు మీకు పద్యాలు అప్పజెప్పినట్టే సార్" అని నవ్వింది. ఆ మాట నాకు సంతోషాన్ని కలిగించింది. అయితే ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు.

ఆమె రాయబోతున్నది ఐఈఎల్‌టీఎస్ అనే ఆంగ్లభాషా పరీక్ష. అందులో మాట్లాడే విభాగం 11 నుండి 14 నిమిషాలు సాగుతుంది. మొదట ఇల్లు, ఊరు, అలవాట్లు వంటి పరిచిత విషయాలపై చిన్న చిన్న ప్రశ్నలు అడుగుతారు. పిదప ఒక చీటీ ఇచ్చి, ఒక నిమిషం ఆలోచించుకోనిచ్చి, రెండు నిమిషాల వరకు మాట్లాడమంటారు. చివర అదే విషయంపై కొంత లోతైన చర్చ ఉంటుంది. పరీక్షకుడు చూసేవి నాలుగే: తడబడక పొందికగా మాట్లాడడం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. చెప్పిన అభిప్రాయం గొప్పదా కాదా అన్న లెక్క అందులో లేదు. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావడానికి ఈ పరీక్షను ఎంచుకున్నవారికి మాట్లాడే విభాగంలో తొమ్మిదింటికి 7 రావాలి. ఆమెకు అప్పటికి రెండుసార్లు ఆరున్నర దగ్గరే ఆగిపోయింది. మళ్ళీ రాయాలంటే కట్టవలసిన రుసుము ఆమె నెలజీతంలో చాలా భాగాన్ని మింగేస్తుంది.

నోటుపుస్తకంలో 'సైకిలు' అనే శీర్షిక కింద ప్రశ్నలు, వాటికి ఎవరో తయారుచేసి ఇచ్చిన జవాబులు ఉన్నాయి. మీకు సైకిలు ఉన్నదా అని అడిగాను. ఆమె కళ్ళు పైకి తిప్పి, ఊపిరి పీల్చుకొని, ఏకధాటిగా చెప్పసాగింది. సైకిలు పర్యావరణానికి హితమైన వాహనమట, హృదయానికి మేలు చేస్తుందట, కాలుష్యాన్ని నివారిస్తుందట. ఒక్క మాటా తప్పలేదు. కాని ఆమెకు సైకిలు ఉన్నదో లేదో మాత్రం నాకు తెలియలేదు.

ఆ కంఠస్వరాన్ని నేను గుర్తుపట్టాను. మా తరగతి గదిలో ప్రతిపదార్థం అప్పజెప్పే స్వరమది. దానిని ఆమెకు అలవాటు చేసినవారిలో నేనూ ఒకణ్ణి. ధారణను నేను ఏనాడూ తక్కువగా చూడలేదు. అవధానానికి అది ప్రాణం. అయితే అవధాని సభాంతంలో ధారణ చేసేది ఆ సభలో తాను అల్లిన పద్యాలనే. మా పిల్లలచేత నేను చేయించినది మాత్రం ఎప్పుడూ ఇతరుల వాక్యాల ధారణే. ఇన్నేళ్ళుగా ఈ తేడాను తరగతిలో చెబుతూనే, పరీక్షలు దగ్గరపడగానే మరచిపోతూ వచ్చాను.

పుస్తకం మూసి, "నువ్వు తొక్కిన సైకిలు ఏ రంగుదమ్మా?" అని తెలుగులో అడిగాను.

కాసేపు మాట్లాడలేదు. తరువాత, "నల్లది సార్. మా బాపుది. నాకు సీటు అందకపోయేది, కైంచీ తొక్కేదాన్ని" అన్నది. చట్రం మధ్యనుండి కాలు అవతలికి పోనిచ్చి, ఒక పక్కకు వంగి తొక్కడాన్ని అలా అంటారు. ఇక ఆమెను ఆపడం నా వల్ల కాలేదు. ఊరినుండి హైస్కూలు ఐదు కిలోమీటర్లు. వెనుక క్యారియర్‌మీద తమ్ముడు. కల్వర్టు దగ్గర గుంతలో పడినప్పుడల్లా గొలుసు ఊడేది. దిగి, పుల్లతో ఎక్కించుకొని, చేతికంటిన నల్లటి జిడ్డును రోడ్డు పక్కన గడ్డికి తుడుచుకునేది. "రోజూ పొద్దున బాపు బొటనవేలుతోని టైరు ఒత్తి చూసేటోడు సార్. గాలి సరిపోతేనే పోనిచ్చేటోడు."

"ఇదంతా ఇంగ్లీషులో చెప్పు" అన్నాను.

"ఇదా? ఇది పరీక్షల చెప్పేటిదా సార్?" అన్నది.

ఆ పూటంతా దానితోనే గడిచింది. నా ఆంగ్లం అంతంతమాత్రమే గనుక నిఘంటువును పక్కన పెట్టుకున్నాను. తెలుగులో సైకిలును తొక్కుతాము, గుర్రంపై స్వారీ చేస్తాము. ఆంగ్లంలో రెండింటికీ 'రైడ్' అనే ఒక్క క్రియ సరిపోతుంది. ఆమె మొదట 'డ్రైవ్' అన్నది, అది కారుకు చెల్లే మాట. 'ఐ యామ్ హేవింగ్' అన్నచోట 'ఐ హావ్' చాలు. సైకిలు ఇప్పుడు లేదు కనుక 'ఐ హాడ్' కావాలి. తొక్కేదాన్ని, ఊడేది, తుడుచుకునేదాన్ని అంటూ మళ్ళీ మళ్ళీ జరిగిన గతాన్ని మనం క్రియ చివర మార్పుతోనే చెప్పేస్తాము. ఆంగ్లంలో అందుకు 'యూస్డ్ టు' కావాలి. గొలుసు ఊడడానికి ఆమె 'డిస్‌లొకేట్' అన్నది. ఎముకల వార్డులో పనిచేసిన ఫలితం కాబోలు! 'కేమ్ ఆఫ్' అనే రెండు చిన్నమాటలు అక్కడ సరిపోతాయని నిఘంటువు చూసి చెబితే, "ఇంత చిన్నదా!" అని ఆశ్చర్యపోయింది.

చివరి విభాగానికి ఆమె బట్టీపట్టిన జవాబు నెదర్లాండ్స్ గురించినది. ఆ దేశంలో మనుషులకంటె సైకిళ్ళే ఎక్కువ అన్నది నిజమే. అయినా, మీ ఊరి ఆడపిల్లలు సైకిలు లేకపోతే ఏమయ్యేవారని అడిగాను. ఏడో తరగతితో ఆగిపోయిన ఇద్దరు స్నేహితురాళ్ళు ఆమెకు గుర్తుకువచ్చారు. బీహారులో 2006లో ప్రభుత్వం తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్ళ పథకం ప్రారంభించిన సంగతి నేను చెప్పాను. ఈసారి ఆమె తడబడింది, వాక్యాలను మధ్యలో సరిదిద్దుకున్నది, కాని ఆగలేదు. రెండు నిమిషాలకు ఆపవలసిన నేను గడియారం చూడడం మరచిపోయాను.

పరీక్ష రాసిన కొన్నాళ్ళకు ఫోను చేసింది. "ఏడు వచ్చింది సార్! కాని సైకిలు గురించి అడగనే లేదు. గొడుగుల గురించి అడిగిండ్రు."

"మరి ఏం చెప్పావు?"

"ఏమున్నది సార్, మా బాపు గొడుగు గురించి చెప్పిన. కట్టెపిడి గొడుగు, ఒక పుల్ల విరిగింది."