మా అమ్మ ఓటు రోడ్డుకి అటువైపు

2019 ఏప్రిల్ 11న మా అమ్మ ఓటెయ్యలేదు. ఒంట్లో బాగోక కాదు. పొద్దున్నే తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, ఓటరు కార్డు పర్సులో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. తొమ్మిదింటికి వీధిలోకి ఆటో వచ్చింది. డ్రైవరు పక్కన కూర్చున్న కుర్రాడు దిగి "పెద్దమ్మా, ఎక్కు" అన్నాడు. మా అమ్మ ఆ కుర్రాడి వంకా, అతని జేబులోంచి తొంగిచూస్తున్న పార్టీ కండువా వంకా చూసింది. "నాను రాన్లే బాబూ" అంది. ఇంకాసేపటికి రెండో పార్టీ ఆటో వచ్చింది. దానికీ అదే మాట.

సాయంత్రం ఫోన్లో నేను కోప్పడ్డాను. నాకెక్కడో డ్యూటీ, ఇంటికి రాలేకపోయాను. "ఆటో ఎక్కితే ఏం పోయింది? లోపల నీకిష్టమైనదానికి నొక్కితే ఎవరు చూస్తారు?" అన్నాను. "నొక్కడం ఎవుడూ సూడ్డు. ఎక్కడం ఊరంతా సూస్తాది. ఆళ్ల ఆటో ఎక్కితే ఓటు ఆళ్లకేసినట్టే గదే" అంది.

ముప్పై ఏళ్లపాటు పోలింగ్ డ్యూటీలు చేసినదాన్ని. రహస్య బ్యాలెట్ అంటే అట్టముక్కలతో కట్టిన ఆ చిన్న గది అనే అనుకున్నాను. అది మా వీధి మొగదలే మొదలవుతుందని మా అమ్మ చెబితేగానీ తెలియలేదు.

మాది విజయనగరం జిల్లాలో, పూసపాటిరేగ వైపు, హైవేని ఆనుకుని ఉన్న ఊరు. పేరు రాయను. చాలా ఊళ్లది ఇదే కథ కనుక పేరుతో పనిలేదు కూడా. నా చిన్నప్పుడు ఆ రోడ్డు మీద ఒక బస్సు తరవాత ఇంకో బస్సు రావడానికి ఎంత సేపు పట్టేదంటే, మధ్యలో వడ్లు ఆరబోసుకునేవాళ్లం. తరవాత స్వర్ణ చతుర్భుజి పేరుతో నాలుగు వరసలైంది. ఇప్పుడు ఆరు. మధ్యలో గోడ, అంచున ఇనుప కంచె. పాత ఊరు ఇటు, హైస్కూలూ కొత్త కాలనీ అటు. దాటాలంటే అండర్‌పాస్ దాకా వెళ్లి, కింద నుంచి వెళ్లి, సర్వీసు రోడ్డు పట్టుకుని మళ్లీ వెనక్కి రావాలి. మగవాళ్లకి బళ్లున్నాయి. కంచె విరిగిన చోట గెంతేసే కుర్రాళ్లూ ఉన్నారు. ఆడవాళ్లం చుట్టూ తిరుగుతాం.

పోలింగ్ కేంద్రం ఇదివరకు మా వీధి చివరి ప్రాథమిక పాఠశాలలోనే ఉండేది. శ్లాబు కారుతోందనీ, మరుగుదొడ్డి లేదనీ, వీల్‌చైర్ ఎక్కే ర్యాంపు లేదనీ హైస్కూలుకి మార్చారు. కాగితం మీద చూస్తే ఒక్కటీ తప్పు కారణం కాదు. ర్యాంపు, నీళ్లు, నీడ, వెలుతురు, మరుగుదొడ్డి ప్రతి కేంద్రానికీ ఉండాలని ఎన్నికల సంఘమే చెప్పింది. ఆ సౌకర్యాల కోసం పోరాడినవాళ్లు వికలాంగులూ, ఆడవాళ్లూ. అవే సౌకర్యాల పేరుతో మా ముసలమ్మల్ని ఆరు వరసల రోడ్డుకి అటువైపు పడేశారు. శ్లాబుకి మరమ్మతు చేయించవచ్చు కదా అని ఒక్కరూ అనలేదు. ఆ కారే శ్లాబు కింద పిల్లలు మాత్రం అలాగే చదువుకున్నారు.

పోలింగ్ కేంద్రం ఎక్కడ పెట్టాలో ఎవరు నిర్ణయిస్తారు? ఇన్నేళ్ల ఉద్యోగంలో నేనూ ఎప్పుడూ అడగలేదు. 1951 ప్రజా ప్రాతినిధ్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం జిల్లా ఎన్నికల అధికారి ఎన్నికల సంఘం ఆమోదంతో కేంద్రాల్ని ఏర్పాటు చేసి, జాబితా ప్రకటించాలి. దానికి ముందు ముసాయిదా వేస్తారు, పార్టీలతో సమావేశం పెడతారు, అభ్యంతరాలు తీసుకుంటారు. మామూలుగా ఓటరు రెండు కిలోమీటర్లకు మించి నడవకూడదన్నది లెక్క. అడవుల్లో, కొండల్లో కొంత సడలింపు.

2024 ఎన్నికల ముందు ఆ ముసాయిదా వేసినప్పుడు నేను రిటైరై ఇంటిపట్టునే ఉన్నాను. పాత బడికే కేంద్రాన్ని మార్చమని అర్జీ రాసి, మా వీధిలో పదకొండుమంది చేత సంతకాలూ వేలిముద్రలూ పెట్టించి పట్టుకెళ్లాను. సమావేశం గదిలో నాతో కలిపి ఇద్దరం ఆడవాళ్లం. రెండో ఆమె టీ తెచ్చిన అమ్మాయి.

పార్టీల వాళ్లకి అభ్యంతరాలేమీ లేవు. వాళ్ల చర్చంతా ఏ వీధి ఓటర్లు ఏ గదిలోకి వెళ్లాలన్న దాని మీదే. నా అర్జీ చదివాక ఒక పార్టీ ఆయన నవ్వుతూ "దానికేముంది టీచరమ్మా, ఆటోలు మేం పెడతాం కదా" అన్నాడు. ఎదుటి పార్టీ ఆయన వెంటనే "మేమూ పెడతాం" అన్నాడు. ఆ ఒక్క విషయంలో ఇద్దరికీ భలే సఖ్యత. ఓటర్లని తీసుకురావడానికి అభ్యర్థి తరఫున బండి కట్టడం అదే చట్టం 123వ సెక్షన్ కింద అవినీతి చర్య. ఎన్నికల అధికారుల ఎదుటే నవ్వుతూ చెప్పారు, ఎవరూ కాదనలేదు. అందరికీ అది ఉపకారం కిందే లెక్క.

నాకు అప్పుడు తట్టింది. కేంద్రం దూరమైతే ఆ పార్టీలకి నష్టం లేదు. దగ్గరుంటే మా అమ్మ తనంతట తను నడిచి వెళ్లిపోతుంది. దూరముంటేనే ఆటో కావాలి, ఆటో ఉంటేనే తీసుకొచ్చినవాడికి లెక్క తెలుస్తుంది.

తరవాత ఒక ఉద్యోగి వచ్చి ఫోన్లో దూరం చూశాడు. కిలోమీటరు నాలుగు వందల మీటర్లు. "రెండు లోపే ఉంది మేడమ్" అన్నాడు. అబద్ధం కాదు. ఆ అబ్బాయి బండి మీద వచ్చాడు, బండి మీదే వెళ్లాడు.

ఈ దూరం లెక్కలు చూస్తే నాకు 2004 ఎన్నికలు గుర్తొస్తాయి. అప్పుడు బొబ్బిలి దగ్గర పనిచేస్తున్నాను. డ్యూటీ సాలూరు నియోజకవర్గంలో, కొండ కింద ఒక ఊళ్లో పడింది. ఓటింగ్ యంత్రాలు దేశమంతా వాడిన మొదటి లోక్‌సభ ఎన్నికలవి. ముందురోజు రాత్రి బడిగదిలో బల్లలు కలుపుకుని పడుకున్నాం. ఆడవాళ్లమిద్దరం తెల్లారకముందే లేచి చెంబు పట్టుకుని పొదల వైపు వెళ్లొచ్చాం. ఆ సంగతి ఏ డ్యూటీ పుస్తకంలోనూ ఉండదు లెండి.

అప్పటికే గేటు దగ్గర ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. పైఊళ్ల నుంచి చీకట్లోనే దిగొచ్చారు. చంకల్లో పిల్లలు, మూటల్లో అంబలి. నా పని వేలికి సిరా పెట్టడం. ఆ వేళ్లు ఇప్పటికీ కళ్ల ముందున్నాయి. గోళ్లు అరిగి, పసుపూ మట్టీ కలిసిన రంగులో ఉండేవి. సిరా పట్టేది కాదు. ఒకామె వేలు చాపి "ఇది ఏ రాజ్యం ఓటమ్మా?" అని అడిగింది. మా ప్రిసైడింగ్ ఆఫీసరు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె ఎగతాళికి అడగలేదని నాకు చాలా ఏళ్లకి గానీ తెలియలేదు.

సాలూరు పైన కొటియా గ్రామాలున్నాయి. 21 ఊళ్లు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాక సర్వేలో ఎటూ తేలకుండా మిగిలిపోయాయి. ఒరిస్సా 1968లో సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2006లో కోర్టు, సరిహద్దు తేల్చడం తన పని కాదనీ, ఉన్నది ఉన్నట్టుగా ఉంచమనీ చెప్పింది. అక్కడి జనానికి రెండు వైపులా కార్డులు, రెండు వైపులా రేషను, రెండు వైపులా ఓటు. ఒక మనిషి పేరు రెండు నియోజకవర్గాల జాబితాల్లో ఉండకూడదని చట్టం. అక్కడ మాత్రం రెండు ప్రభుత్వాలూ పిలిచి మరీ రాసుకున్నాయి.

2021 ఫిబ్రవరిలో ఆంధ్ర ఆ ఊళ్లలో కొన్నిటికి పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కారం కింద కేసు వేసింది. ఏప్రిల్ 8న పరిషత్ ఎన్నికలకి కిందికి దిగి ఓటెయ్యబోతున్న వాళ్లని ఆపడానికి ఒడిశా వాళ్లు దారిలో బారికేడ్లు పెట్టారు. ఆ వార్త చదివిన రోజు నాకు 2004లో ఆమె చాపిన వేలు గుర్తొచ్చింది. కొండ మీద నుంచి దిగిన మనిషికి బూత్ ఎంత దూరం? కిలోమీటర్లు లెక్కపెట్టవచ్చు. పోలీసు అడ్డంగా నిలబడితే ఆ దూరానికి కొలత ఏది? 2024 మే 13న ఆంధ్రకీ, కొరాపుట్ వైపుకీ ఒకే రోజు పోలింగ్ వచ్చింది. రెండు చోట్లా ఓటేసి, రెండు చేతులకీ సిరా చూపించిన వాళ్ల గురించి పత్రికలు వింతగా రాశాయి. రెండు పోలింగ్ కేంద్రాల మధ్య కొండ ఎక్కి దిగిన కాళ్ల గురించి నేను చదివిన వార్తల్లో ఎక్కడా లేదు. పైగా ఆ రోజు సాలూరు, కురుపాం, పాలకొండల్లో పోలింగ్ సాయంత్రం ఐదింటికే ముగింపు, కింద మైదానంలో మాకు ఆరు దాకా. భద్రత కోసమే కావచ్చు. కానీ ఎక్కువ నడవాల్సినవాళ్లకే గంట తక్కువైంది.

ఆడవాళ్ల ఓటుకి అడ్డం ఎప్పుడూ "వద్దు" అనే మాటలా రాదు. 1951-52 మొదటి ఎన్నికలప్పుడు దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు జాబితా నుంచి పోయాయి. ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లో. ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అని తప్ప సొంత పేరు చెప్పలేదని. అధికారులు చేసింది నిబంధన ప్రకారమే. మా ఊరి కేంద్రాన్ని మార్చిందీ నిబంధన ప్రకారమే.

మా అమ్మ మొదటి ఓటు 1967లో. అప్పటికి ఓటు వయసు ఇరవై ఒకటి. అత్తగారు కోడళ్లందరినీ ఎడ్లబండి ఎక్కించుకుని తీసుకెళ్లిందట. దారి పొడుగునా "ఎద్దుల జోడీ మీద ముద్దరెయ్యండే" అని పాఠం చెప్పిందట. "మరి వేశావా?" అంటే ఇప్పటికీ చెప్పదు. "ఆ బండి మీ తాతది" అని మాత్రం అంటుంది. ఇన్నాళ్లూ ఆ మాటని మామూలు మాటే అనుకున్నాను.

ఇక 2024. ఎనభై అయిదు దాటినవాళ్లకీ, నలభై శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉన్నవాళ్లకీ ఇంటి దగ్గరే ఓటన్నారు. మంచి ఏర్పాటు. మా అమ్మకి ఎనభై రెండు. అరిగిపోయిన మోకాళ్లకి ధ్రువపత్రం ఎవరిస్తారు? నేను ఆటో మాట్లాడతానన్నాను, మన డబ్బులతో. "అది మన ఆటో అని ఊరికెలా తెలుస్తాది?" అంది.

నడిచే వెళ్లాం. అర్జీ మీద వేలిముద్రలేసిన పదకొండుమందిలో తొమ్మిది మంది వచ్చారు. ఒకామె కూలి మానుకోలేకపోయింది. ఇంకొకామెని కొడుకు బండి మీద తీసుకెళ్లిపోయాడు. ఆరున్నరకి బయల్దేరాం. మా అమ్మ మూడుచోట్ల కూర్చుంది. కిలోమీటరు రాయి మీద ఒకసారి, టీకొట్టు బల్ల మీద ఒకసారి, అండర్‌పాస్ గోడవార ఒకసారి. లోపల మురుగునీరు నిలిచింది. చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని దాటాం. మధ్యలో ఒక ఆటో మా పక్కన నెమ్మదిగా నడుస్తూ "ఎక్కండి పిన్నీ, ఓటు మీ ఇష్టమే" అంది. మా వాళ్లెవరూ తల తిప్పలేదు. ఒక్క నేనే తిప్పాను, మోకాళ్లు నావీ బాగోలేవు.

హైస్కూలు గేటు దగ్గర వీల్‌చైర్ పెట్టుకుని ఒక వలంటీరు పిల్ల నిలబడి ఉంది. "అమ్మమ్మా, కూర్చోండి" అంది ఆప్యాయంగా. గేటు నుంచి గదికి ముప్పై అడుగులు. మా అమ్మ దాన్ని పైనుంచి కిందిదాకా చూసి "ఇది మా ఇంటికాడికి తేనేకపోనావేటే?" అంది. ఆ పిల్లకి ఏం చెప్పాలో తెలియలేదు. పాపం, దాని తప్పేముంది! ర్యాంపు మాత్రం బాగుంది. మా అమ్మ దాన్ని పట్టుకునే ఎక్కింది.

2025లో ఎన్నికల సంఘం ఒక్కో పోలింగ్ కేంద్రానికి ఓటర్ల గరిష్ఠ సంఖ్యను 1500 నుంచి 1200కి తగ్గించింది. ఆ లెక్కన చాలాచోట్ల కేంద్రాలు విడగొట్టాలి, ముసాయిదాలు మళ్లీ వెయ్యాలి. పాత బడికి ఈ మధ్య శ్లాబు వేయించారు. నేను అర్జీ మళ్లీ రాశాను. ఈసారి ముప్పై నాలుగు వేలిముద్రలు, సంతకాలు. ముందుగా చూపిద్దామని ఆఫీసుకి తీసుకెళ్తే అక్కడి గుమాస్తా ఓపిగ్గా చదివి, దూరం అన్న చోట వేలు పెట్టి ఆగాడు. అక్కడ నేను "నడక యాభై నిమిషాలు, మూడుచోట్ల కూర్చుని" అని రాశాను.

"ఇలా కాదు మేడమ్, కిలోమీటర్లలో వెయ్యాలి" అన్నాడు.

కిలోమీటర్లు పక్కన వేశాను. మొదటిది కొట్టెయ్యలేదు.