గ్రాఫిక్స్ కార్డును బాగుచేసిన వృత్తాంతము

2024వ సంవత్సరము జూన్ 12వ తేదీని వేసవి సెలవుల పిమ్మట బడులు తెరచిన వారములోనే మా కంప్యూటరు గదిలోని పెద్ద యంత్రము మొరాయించినది. దాని నెట్లు బాగుచేసితిమో, అంతకు ముందెంత తప్పు చేసితిమో, దాచక యీ సంచికకు వ్రాయుడని మా ప్రధానోపాధ్యాయినిగారు కోరిరి. బాలుర యెదుట తప్పొప్పుకొనుట యుపాధ్యాయునకు సులభము కాదు. అయినను ఆ తప్పు ఇరువది యేండ్లుగా మేము తరగతిలో చెప్పుచున్న పాఠమునకు సంబంధించినదే గనుక వ్రాయక తప్పినది కాదు.

మేడిపల్లిలోని మా పాఠశాల వరంగల్లు రహదారికి చేరువ నున్నది. ఆ మార్గమున ఉప్పల్ నుండి నారపల్లి వరకు ఎత్తువంతెన పని 2018లో ఆరంభమై యేండ్ల తరబడి సాగినది. ఆ కాలమున ఈ వైపున కాపురమున్న వారికి దుమ్మును గూర్చి మేము వేరుగా చెప్పనక్కరలేదు. ఉదయమున తుడిచిన బల్లపై మధ్యాహ్నమునకు వ్రేలితో పేరు వ్రాయవచ్చును. అట్టి తావునకు మా పూర్వవిద్యార్థి యొకడు తాను వాడిన కంప్యూటరును బహూకరించెను. అందు ఎన్విడియావారు 2016లో విడుదలచేసిన జీటీఎక్స్ 1060 అను రకపు గ్రాఫిక్స్ కార్డు కలదు. నేటి కార్డుల ముందర నది పాతదే. గాని మా గదిలోని తక్కిన యంత్రములలో దేనికిని అట్టిది లేదు. బ్లెండర్ అను ఉచిత సాఫ్టువేరుతో కదలెడు బొమ్మలు చేయవలెనన్న ఈ యంత్రమొక్కటే గతి.

గ్రాఫిక్స్ కార్డనగా నేమియో ఎరుగని తలిదండ్రులకై రెండు మాటలు. తెరపై కనబడు బొమ్మ లక్షలాది చుక్కల కూర్పు. ఒక్కొక్క చుక్కకు ఏ రంగు, ఎంత వెలుగు అని క్షణక్షణము లెక్కగట్టవలెను. ఆ చిన్న లెక్కలను వేలకొలదిగా నొక్కుమ్మడిని చేయుటకై ఏర్పరచిన చిప్ ఆ కార్డు నడుమ నుండును. మా కార్డులోని చిప్ వైశాల్యము రెండు చదరపు సెంటీమీటర్లు. అందు నాలుగువందల నలుబది కోట్ల ట్రాన్సిస్టర్లు కలవు. కార్డు మొత్తము పూర్తిగా పనిచేయునపుడు 120 వాట్ల విద్యుత్తు తీసికొనును. అందులో అధికభాగము ఆ రెండు చదరపు సెంటీమీటర్ల చోటనే వేడిగా మారును. మన యింటిలోని వేయి వాట్ల ఇస్త్రీపెట్టె అడుగురేకు సుమారు రెండువందల చదరపు సెంటీమీటర్లుండును. అనగా చదరపు సెంటీమీటరుకు అయిదు వాట్లు. ఈ చిప్ పై నలుబదికి పైమాటే. చీరను మాడ్చు ఇస్త్రీపెట్టెకంటె ఎనిమిది రెట్లు దట్టమైన వేడిని వెంటవెంట మోసికొనిపోవు సాధనము లేనియెడల దాని గతి యేమగునో ఊహించుకొనవచ్చును.

ఇక జరిగిన సంగతి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున దిగినది గదా. ఆ తేదీని జాతీయ అంతరిక్ష దినముగా నిర్ణయించిరి. 2024లో వచ్చు ఆ మొదటి దినమునకు, దిగుటను చూపు చిన్న చిత్రమును మా తొమ్మిదవ తరగతి బాలుడొకడు తయారుచేయుచుండెను. బడి విడిచిన పిమ్మట గంటసేపు ఆ గదిలో నుండుటకు మేమే అనుమతి నిచ్చితిమి. జూన్ మూడవ వారములో యంత్రము క్రొత్తరీతిగా ప్రవర్తింపసాగెను. పని యారంభించిన నాలుగు నిమిషములకు పంకాలు హోరుమనును, బొమ్మ తడబడును, తొమ్మిదవ నిమిషమున తెర నల్లబడి యంత్రము తనంత తానే ఆగును.

మేము యంత్రమును వెదకితిమి. అందొక కారు పందెముల ఆట కనబడెను. అంతటితో మా విచారణ ముగిసినది! ఆ బాలుని తరగతిలో నిలువబెట్టి, "ఆటల పిచ్చితో బడి సొమ్ము కాల్చితివి" అంటిమి. గదిలోనికి రావలదంటిమి. తండ్రిని రమ్మని చీటి వ్రాసి పంపితిమి. బాలుడు మారు పలుకలేదు. మరునాడు బడికి రాలేదు. ఆ మరునాడును రాలేదు. అయిదవ నాడు తండ్రి వచ్చెను.

ఆయన నాచారము పారిశ్రామికవాడలో మోటార్లకు వైండింగు చేయు పనివాడు. చేతులకు వార్నిషు మరకలతో, పని నడుమ లేచి వచ్చినవానివలె నుండెను.

"నమస్తే సార్. పోరడు బడికి రానంటున్నడు. మిషను ఖరాబు చేసిండని చీటి రాసిన్రు. ఒకపారి చూపిస్తరా?"

చూపుట వలన నేమి ప్రయోజనమని లోలోపల ననుకొనుచునే తీసికొనిపోయితిమి. ఆయన యంత్రమును ముట్టలేదు. దాని చుట్టునున్న చెక్కపెట్టెపై అరచేయి మోపి కొంతసేపు ఊరకుండెను. ఆ పెట్టెను గూర్చి చెప్పవలెను. దొంగల భయమునకును దుమ్ము భయమునకును ఏప్రిల్ మాసములో వడ్రంగిచేత మేమే చేయించితిమి. ముందు తలుపు, దానికి తాళము, వెనుక వైర్లకు మాత్రము ఒక రంధ్రము. ఆ పనికి మమ్ము పలువురు మెచ్చుకొనిరి గూడ.

"ఇందులకు గాలి యాడికెళ్లి వస్తది సార్?" అని ఆయన యడిగెను.

మాకు జవాబు దొరకలేదు.

"మోటారు జాలీ మూసి నడిపితే రెండు దినాలల్ల వైండింగు కాలుతది. పిల్లగాడు ఆడుకుంటె కాలదు సార్. ఈ డబ్బా ఎవరు చేయించిన్రు?"

"మేమే" అంటిమి.

బోధనాభ్యసన కళాశాలలో వేడి ప్రయాణించు మూడు మార్గములను చక్కని పటములతో బోధించుట నేర్చి, ఏటేట ఎనిమిదవ తరగతికి ఉష్ణవాహకములను గూర్చి నల్లబల్లపై వ్రాయుచున్న మేము, వేడిపెట్టెను చెక్కలో బెట్టి తాళము వేసితిమి. ఆ సాయంకాలమే ఉష్ణోగ్రత చూపు ఉచిత సాఫ్టువేరు నొకదానిని ఎక్కించి చూచితిమి. గదిలో 34 డిగ్రీలు. పెట్టెలో ఊరకున్నపుడే కార్డు 61. పని యీయగా 83కు చేరెను. అక్కడ పంకాల హోరు, బొమ్మ తడబాటు. ఆ మెట్టున కార్డు తనను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనునట్లు చేసినవారే అమర్చిరి. దాని గరిష్ఠమని వారు చెప్పిన హద్దు 94. తొమ్మిదవ నిమిషమున మా యంత్రము ఆ హద్దును తాకి నల్లబడుచుండెను. కారు పందెముల ఆటను ఆడించి చూడగా బ్లెండర్ పనికంటె అది తేలికయే యని అంకెలు చెప్పినవి. బాలునిపై మేము మోపిన నేరము అక్కడికే తేలిపోయెను.

పెట్టె తీసివేయగా యంత్రమాగుట మానెను, గాని 83 దగ్గరనే కుంటుచుండెను. తండ్రి ఆదివారము మరల వచ్చెదనని చెప్పి వచ్చెను. విద్యుత్ తీగ పెరికి, మీట నొక్కి మిగిలిన విద్యుత్తును పోగొట్టి, లోహపు చట్రమును ముట్టి మన ఒంటిలోని స్థిరవిద్యుత్తును వదిలించుకొని, కార్డును వెలికి తీసితిమి. అల్యూమినియపు రెక్కల నడుమ దుమ్ము నమదా వలె పేరుకొని యుండెను. ఆయన మెత్తని కుంచెతో దులిపి, బ్లోయరుతో ఊదునపుడు పంకా రెక్కను వ్రేలితో పట్టుకొనుమనెను. ఊదిన గాలికి అది మితిమీరి తిరిగినచో బేరింగు చెడునట. దులిపిన పిమ్మట 79.

అంతటితో చాలించియుండవచ్చును. కాని బాలుని చిత్రము పూర్తియగుటకు యంత్రము రాత్రియంతయు నొంటరిగా పనిచేయవలెను. అందుకు మాకు ధైర్యము చాలలేదు. చిప్ పైని లోహపు దిమ్మకును చిప్ కును నడుమ పూసెడి లేపనము ఎనిమిదేండ్ల నాటిది. ఎండి సున్నపు పెళ్లవలె నుండునని తలచితిమి. కంటికి నునుపుగా కనబడు లోహమునందును సూక్ష్మమైన గుంటలుండును. వాటిలో గాలి నిలుచును. రాగి ఉష్ణవాహకత సుమారు 400. అదే కొలతలో గాలిది 0.026. అనగా గాలి రాగికంటె పదిహేనువేల రెట్లు చెడ్డ వాహకము. ఆ గుంటలను నింపి గాలిని వెళ్లగొట్టుటయే లేపనము చేయు పని.

ఉప్పల్ లో మెట్రో యెక్కి పారడైజ్ వద్ద దిగి, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోయితిమి. ఒక అంగడివాడు క్రొత్త కార్డు కొనుమనెను. మరియొకడు కార్డునకు వేడిగాలి పట్టించి "లేపెదను" అనెను. అది టంకము విడిపోయిన కార్డునకు కొందరు చేయు వైద్యము. అప్పటికి లేచినను తరచుగా మరల పడిపోవును. మాది వేడితో చెడినది గనుక మరింత వేడిని ఒల్లమని లేపనపు గొట్టము, ఐసోప్రొపైల్ ఆల్కహాలు, మెమొరీ చిప్పులపై నుంచు మెత్తని పట్టీలు కొని తిరిగివచ్చితిమి.

ఇక్కడ మా రెండవ తప్పు. ఊడదీయుటలో పాత పట్టీ యొకటి చిరిగెను. పాతదాని మందము కొలువకయే, మందముగా నున్నది మేలుగదా యని క్రొత్తవి వేసితిమి. అన్నియు బిగించి చూడగా రెండే నిమిషములలో 83. మరి కొంతసేపటికి 91! కార్డు పోయినదనుకొంటిమి. ఆ నిమిషమున మాకు తోచినది కార్డు ధర కాదు. బాలునిపై లేని నేరము మోపి, దానిని దిద్దబోయి, అతడు చిత్రము చేయగల యొక్క యంత్రమును మేమే చంపితిమనియే తోచెను. తండ్రి మాత్రము తొందరపడలేదు. "మల్ల ఇప్పుదాం సార్. సీటు కూసోలే" అనెను. విప్పి చూడగా లేపనము ఒక అంచున మాత్రమే అంటియుండెను. మందమైన పట్టీలు లోహపు దిమ్మను పైకెత్తి, చిప్ ను తాకనీయలేదు. మరునాడు పాత మందము పట్టీలే తెచ్చి, చిప్ ను ఆల్కహాలుతో తుడిచి, బియ్యపుగింజంత లేపనము నడుమ నుంచి, నాలుగు మరలను ఎదురెదురుగా కొంచెము కొంచెము బిగించితిమి, లారీ చక్రపు నట్లు బిగించినట్లు. అరగంట పూర్తి పని యిచ్చినను 71 దాటలేదు. ఇంటిలో నిట్టి పని చేయదలచు బాలురు పెద్దవారిని దగ్గర నుంచుకొనవలెనని ఇక్కడనే చెప్పుచున్నాము. విద్యుత్తు పెరికిన తీగ ఎవరి చేతిలో నున్నదో చూచుకొనకుండ చేయి పెట్టరాదు.

సోమవారము బాలుడు బడికి వచ్చెను. నిందించిన తరగతిలోనే, ఆ పిల్లల యెదుటనే, "యంత్రము చెడినది నీ వలన కాదు, మా పెట్టె వలన. నిన్నన్న మాట తప్పు. క్షమింపుము" అంటిమి. తరగతి నిశ్శబ్దముగా నుండెను. అతడు తల వంచుకొని కొంతసేపటికి, "మరి ఫిల్ము చేయనా సార్?" అని మాత్రమడిగెను. మునుపటివలె మాతో చనువుగా మాటలాడుటకు అతనికి చాల దినములు పట్టెను. దానికి మేము తొందరపెట్టలేదు. పెట్టు హక్కును మాకు లేదు.

ఆగస్టు 23న చిత్రము ప్రదర్శింపబడెను. రెండు నిమిషముల చిత్రము. విక్రమ్ ల్యాండరు కాళ్లు నేల నానునపుడు చంద్రధూళి లేచుటను అతడు మిక్కిలి శ్రద్ధతో చూపెను. ధూళిని గూర్చి అతనికి బాగుగా తెలియును గదా యని ఆ తండ్రి మా ప్రక్కన కూర్చుండి నవ్వెను.

ఇపుడు యంత్రము గోడకు జానెడు దూరమున బల్లపై నున్నది. రాత్రి పలుచని గుడ్డ కప్పుదుము, ఉదయము మీట నొక్కకమునుపే తీయుదుము. మూడు మాసముల కొకమారు దుమ్ము దులుపుట జరుగుచున్నది. ప్రక్కన ఒక నోటుపుస్తకము వ్రేలాడుచుండును. అందు ప్రతి సోమవారము గది వేడిమియు, కార్డు వేడిమియు ఆ బాలుడే వ్రాయును. ఇది అచ్చునకు పంపునాటి పుటలో 29, 68 అని యున్నది. చెక్కపెట్టెలో క్రికెట్ బ్యాట్లు పెట్టుకొనుచున్నాము. తాళము పనికి వచ్చినది.