గది ఎక్కడ తీసుకుందాం?

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు మా టీచర్ ఒక మంచి విషయం చెప్పారు. అమెరికాలో నాలుగో తరగతి పిల్లలకు 'ఎవ్రీ కిడ్ ఔట్‌డోర్స్' అనే ఉచిత పాస్ ఇస్తారట. అది ఉంటే మనతో కారులో వచ్చేవాళ్ళకు కూడా నేషనల్ పార్కులో టికెట్ అక్కర్లేదు. ఇంటికి రాగానే, "నాన్నా, ఈ వేసవిలో ఎల్లోస్టోన్ వెళ్దాం. టికెట్ నాది!" అన్నాను.

నాన్న నవ్వి, "సరే, మరి గది ఎవరిది?" అన్నారు.

మేము ఉండేది సాల్ట్ లేక్ సిటీలో. అక్కడి నుంచి ఎల్లోస్టోన్ పడమటి ద్వారానికి కారులో సుమారు ఐదు గంటలు పడుతుంది. అప్పుడే తెనాలి నుంచి అమ్మమ్మ మా ఇంటికి వచ్చింది. ఆదివారం భోజనాలయ్యాక నాన్న బల్ల మీద మ్యాప్ పరిచారు.

ఎల్లోస్టోన్ 1872లో ఏర్పడింది. ప్రపంచంలో మొట్టమొదటి నేషనల్ పార్కు అదే. లోపలి రోడ్డు 8 అంకెలాగా తిరుగుతుంది. మొత్తం 142 మైళ్ళు! కారు గంటకు 45 మైళ్ళు దాటి పోకూడదు. బైసన్ల మంద రోడ్డుకు అడ్డం వచ్చిందంటే అవి కదిలేదాకా ఆగాల్సిందే. "అందుకే ఎక్కడ ఉంటామో ముందు తేలాలి" అంది అమ్మ.

తమ్ముడు టెంట్ కావాలన్నాడు. ఎలుగుబంట్లకు కనీసం 100 గజాల దూరంలో ఉండాలని నేను చదివి చెప్పాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నాన్న పార్కు బయట, వెస్ట్ ఎల్లోస్టోన్ అనే ఊళ్ళో ఉందామన్నారు. అమ్మ పార్కు లోపలే, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ పక్కనే ఉందామంది. కానీ లోపలి గదుల్లో టీవీ ఉండదు. ఈత కొలనూ లేదు.

"ఊళ్ళోనే ఉందాం. అమ్మమ్మ ఎలాగూ నడవలేదు కదా! గదిలో టీవీ చూస్తూ కూర్చుంటుంది. మనం తిరిగొద్దాం" అన్నాను నేను.

ఎవరూ మాట్లాడలేదు. తల తిప్పి చూస్తే అమ్మమ్మ వంటింటి గుమ్మంలో మజ్జిగ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది.

"అమ్మలు అన్నదాంట్లో తప్పేముంది? మీరు వెళ్ళి రండి. నేను ఇంట్లోనే ఉంటాను. నా వల్ల ఖర్చెందుకు?" అని గ్లాసులు బల్ల మీద పెట్టి తన గదిలోకి వెళ్ళిపోయింది. ఆ మజ్జిగ నాకు గొంతు దిగలేదు.

రాత్రి అమ్మమ్మ పక్కన పడుకుని అడిగాను. "అమ్మమ్మా, నువ్వు ఎంత దూరం నడవగలవు?"

"గుడి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేస్తాను. మధ్యలో కాసేపు కూర్చుంటాను" అంది. కొంచెం ఆగి, "అక్కడ నీళ్ళు ఆకాశంలోకి లేస్తాయట కదే! నిజమేనా?" అంది.

మర్నాడు అమ్మా, నేనూ మ్యాప్ మళ్ళీ చూశాం. ఊరి నుంచి ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌కు 30 మైళ్ళు. అంత దూరం వెళ్ళాక అమ్మమ్మ అలిసిపోతే పడుకోవడానికి చోటుండదు. పక్కనే గది ఉంటే, చూసి వచ్చి పడుకోవచ్చు. అది సుమారు గంటన్నరకు ఒకసారి పొంగుతుంది కాబట్టి మళ్ళీ వెళ్ళి చూడొచ్చు కూడా.

కానీ అక్కడ గదులన్నీ నిండిపోయాయి. చాలామంది ఏడాది ముందే తీసుకుంటారు. కొన్ని పాత గదులకు బాత్రూమ్ బయట ఉంటుంది. అమ్మమ్మకు అది కుదరదు. నాన్న రోజూ రాత్రి చూసేవారు, ఎవరైనా రద్దు చేసుకున్నారేమోనని. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. ఈ గది సంగతి కూడా అందులో చేర్చాలి బాబూ!" అని అమ్మమ్మ నవ్వేది. ఏప్రిల్లో ఒక రాత్రి నాన్న కేక పెట్టారు. కింది అంతస్తులో, బాత్రూమ్ ఉన్న గది, రెండు రాత్రులకు దొరికింది! ఇంకో రెండు రాత్రులకు ఊళ్ళో వంటగది ఉన్న గది తీసుకున్నాం. అక్కడ అమ్మమ్మకు పప్పూచారూ, నాకు ఈత కొలనూ.

జులై నెలే అయినా తెల్లవారుజామున అక్కడ వణికించే చలి. అమ్మమ్మ చీర మీద నాన్న కోటు వేసుకుని, నా చెయ్యి పట్టుకుని మెల్లగా నడిచింది. ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. ముందు కొంచెం ఆవిరి వచ్చింది. తర్వాత ఒక్కసారిగా నీళ్ళు 100 అడుగుల పైకి లేచాయి.

"ఎంత పెద్ద కాగు పెట్టారే అమ్మలూ! కింద పొయ్యి ఎవరు రాజేశారో!" అంది అమ్మమ్మ. భూమి లోపల రాళ్ళు బాగా వేడిగా ఉంటాయని, ఆ వేడికే నీళ్ళు పైకి తన్నుకొస్తాయని చెప్పాను.

ఆ రెండు రోజుల్లో అమ్మమ్మ దాన్ని ఐదుసార్లు చూసింది. నేను నాలుగుసార్లే చూశాను. ఒకసారి నేను నిద్రపోతుంటే తను ఒక్కతే వెళ్ళి చూసి వచ్చింది.

ఇప్పుడు మా ఇంట్లో ఏ ప్రయాణం అనుకున్నా, నాన్న మ్యాప్ పరచకముందే నేను అడుగుతాను. "ఎవరెవరు ఎంత దూరం నడవగలరు?"