రాయచోటి అక్క సాక్ష్యం

మొన్న బీఏ రెండో సంవత్సరం క్లాసులో ‘గబ్బిలం’ చెప్తున్నాను. 1941లో వచ్చిన జాషువా కావ్యం. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో వేలాడే గబ్బిలంతో శివుడికి కబురు పంపుకోవడం. వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి లేచి అడిగింది. “సార్, మీరు అంబేడ్కరైటు కదా, ఆదివారం చర్చికి వెళ్తారంట. నిజంగా దేవుణ్ని నమ్ముతారా?”

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేసి, టైమైపోయిందని బయటికొచ్చేశాను. టైమ్ అవలేదు. ఇంకా నాలుగు నిమిషాలుంది. ఆ నాలుగు నిమిషాల బాకీ ఇది. కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

2009లో నా డిగ్రీ అయ్యేసరికి నాకు ఇరవై ఏళ్లు. ఎంఏ తెలుగు చదవాలని కోరిక. నాన్న కొబ్బరి దింపు కార్మికుడు. చెట్టు మీంచి పడి నడుం పోయింది. ఆసుపత్రి అప్పు ఎలా తీరుతుందని మా కోనసీమలో ఏ పేటలో అడిగినా ఒకటే జవాబు: కువైట్. ఏజెంటు డ్రైవర్ పని అన్నాడు. చేతికొచ్చింది ఇరవై నంబరు వీసా, అంటే ఇంటి పనివాళ్ల వీసా. దిగిన రోజే పాస్‌పోర్టు తీసేసుకున్నారు. జహ్రా దాటాక ఎడారిలో గొర్రెల దొడ్డి దగ్గర వదిలారు. బెన్యామిన్ ‘ఆడుజీవితం’ చదివినవాళ్లకి, సినిమా చూసినవాళ్లకి ఆ దొడ్డి గురించి నేను చెప్పక్కర్లేదు. మాది అంత ఘోరం కాదు. నీళ్ల ట్యాంకరు వారానికోసారి వచ్చేది. ఐదు నెలల పనికి రెండు నెలల జీతం ఇచ్చారు, నెలకి నలభై దినార్లు. అప్పట్లో దినారు నూట అరవై రూపాయల చుట్టూ ఉండేది.

ఒకరోజు ఆ ట్యాంకరే ఎక్కేశాను. గల్ఫు తెలుగులో దాన్ని ‘కల్లివెల్లి’ అయిపోవడం అంటారు. కాగితం లేదు, కఫీల్ లేడు, పోలీసు కనిపిస్తే గుండె ఆగిపోవడమే.

హసావిలో దిగి ఒక బకాలా కొట్టు ముందు నిలబడి చిల్లర లెక్కపెట్టుకుంటున్నాను. తెలుగులో, పైకే. పక్కనుంచి ఓ గొంతు. “మనోళ్లేనా నాయనా? అన్నం తిన్నావా?”

నలభై దాటిన మనిషి. రాయచోటి వైపు మాదిగ పల్లె. ఆమే కల్లివెల్లి. రోజుకి నాలుగిళ్లలో గంటల పని చేసేది. “రాత్రికి యాడ పండుకుంటావు?” అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా నడిచింది. వెనకే నడిచాను. తెలుగువాళ్లు ఏడుగురున్న గదిలో ఎనిమిదోవాణ్ని చేసింది. నా మొదటి నెల అద్దె పది దినార్లు తనే కట్టింది. ఇళ్లలో మిగిలిన అన్నం, కుబ్బూసు, ఒక్కోసారి చేప, ప్లాస్టిక్ డబ్బాల్లో తెచ్చేది.

కువైట్ సిటీలో 1931 నాటి చర్చి ఉంది, అమెరికన్ మిషనరీలు కట్టింది. శుక్రవారం ఆ ఆవరణలో ఒక్కో గదిలో ఒక్కో భాషలో ఆరాధన జరుగుతుంది. అక్కడ ఆదివారం శుక్రవారమే మరి. కాగితాలున్నవాళ్లు అక్కడికి వెళ్లేవాళ్లు. దారిలో చెకింగుంటుందని మా బోటివాళ్లకి భయం. మాకు గురువారం రాత్రి గదిలోనే ప్రార్థన. (దగ్గర్లో ఒక ఫ్లాటులో ఇంకో తెలుగు ప్రార్థన ఉండేది. ఒక్కసారి వెళ్లాను. వందనాల తర్వాత మొదటి ప్రశ్న ఊరు, రెండో ప్రశ్న ఇంటిపేరు. మూడోది అడగలేదు, అవసరం పడలేదు. మళ్లీ వెళ్లలేదు.)

మా ప్రార్థనలో అందరూ సాక్ష్యం చెప్పాలి. దేవుడు నాకు పని ఇచ్చాడు, దేవుడు నా జ్వరం తీశాడు, దేవుడు పోషించాడు. నాకు ఒళ్లు మండేది. పోషించింది దేవుడా? డబ్బా మోసుకొచ్చింది ఎవరు? పైగా గదిలో చదువుకున్నవాణ్నని లెక్కల పుస్తకం నా చేతికిచ్చారు. ఎవరు పావు దినారు ఇచ్చారు, ఎవరు అర దినారు, అది ఎవరి మందులకి, ఎవరి టికెట్‌కి, జైల్లో ఉన్న ఎవరి బట్టలకి, అన్నీ అందులో ఉండేవి. దేవుడి పేరున ఒక్క పద్దూ లేదు. ఓ రాత్రి ఆ మాటే అనేశాను.

అక్కకి కోపం రాలేదు. “ఏలీయాకు కాకులు రొట్టె తెచ్చినాయి గదా, ఆ కాకులు పుస్తకంలో రాసుకున్నాయా?” అంది. తర్వాత నెమ్మదిగా, “ఆ పొద్దు నేను ఆ వీధిన పోయేదాన్నే కాదు నాయనా. ఎందుకు పోయినానో నాకు తెలీదు.”

ఆ రెండో మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. మొదటి మాట మాత్రం చాలా ఏళ్లు నాతో నడిచింది. పీహెచ్‌డీలో ‘గబ్బిలం’ మీద పని చేస్తున్నప్పుడు లేవీయకాండం పదకొండో అధ్యాయం తీశాను. తినకూడని, అపవిత్రమైన పక్షుల పట్టీ అది. కాకి అందులో ఉంది. గబ్బిలమూ ఉంది. ప్రవక్తకి అన్నం పంపాల్సి వచ్చినప్పుడు ఆ దేవుడికి దొరికింది తాకకూడని పక్షి. మనిషి గోడు చేరవేయాల్సి వచ్చినప్పుడు జాషువాకి దొరికిందీ అదే పట్టీలోని పక్షి. చిన్నప్పట్నుంచీ బైబిలు మధ్యే పెరిగిన కవి. ఆ పట్టీ ఆయన మనసులో ఉందో లేదో చెప్పలేను, నాకు మాత్రం అక్క డబ్బాలు కనిపించాయి.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇంకో మాట. దళిత స్త్రీల ఆత్మకథలు తెలుగులో తక్కువని సెమినార్లలో వాపోతుంటాం. అక్షరం రాని మాదిగామె పదిమంది ముందు లేచి, ఎవరూ అడ్డుపడకుండా, ‘నేను’ అని మొదలుపెట్టి పావుగంట తన బతుకు చెప్పే చోటు మన పల్లెల్లో ఇంకోటి చూపించండి. యూనియన్ మీటింగులో ఇచ్చామా? మన అంబేడ్కర్ జయంతి వేదిక మీద ఇచ్చామా? సాక్ష్యాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేశాం కానీ, కూర్చుని వినలేదు. నన్ను బీసీ-సీ గాడని వెక్కిరించే మిత్రులకి కూడా ఇదే చెప్తుంటాను. ఆ సర్టిఫికెట్ సంగతి, 1950 ఉత్తర్వు మూడో పేరా సంగతి ఇంకోసారి.

అలాగని సాక్ష్యం అంతా చెప్తుందనీ అనను.

అక్క కొడుకు హాస్టల్లో ఉండి టెన్త్ చదివేవాడు. ఆమె చెప్తుంటే జాబులు నేను రాసేవాణ్ని, వచ్చినవి చదివేవాణ్ని. 2011 జనవరిలో వచ్చిన జాబులో వాడు రాశాడు: నాన్న వేరే ఆమెని ఇంట్లో పెట్టుకున్నాడమ్మా, నువ్వు పంపే డబ్బు అక్కడికే పోతోంది. నేను ఆ పేరా చదవలేదు. మార్కులు చదివి మడిచేశాను. ఆమె ఆ రోజు ఐదో ఇంటి పని కూడా చేసొచ్చింది. నోరు రాలేదు. దాన్ని దయ అనుకున్నాను.

ఆ మార్చిలో కువైట్ క్షమాభిక్ష ప్రకటించింది. జీతం ఎగ్గొట్టినవాళ్లకి కాదు, మాకు. ఔట్‌పాసు తీసుకుని వచ్చేశాను. టికెట్‌కి తక్కువైంది పుస్తకంలోంచి ఇచ్చారు, నా చేతే పద్దు రాయించి. అక్క రాలేదు, అప్పు తీరలేదంది. ఆమె వచ్చింది 2020లో, కరోనా మధ్య ప్రకటించిన క్షమాభిక్షలో. ఆ మరుసటేడు వాళ్ల ఊరెళ్లాను. ఆదివారం. రేకుల చర్చిలో మగవాళ్ల వైపు చివర కూర్చున్నాను. అక్క లేచింది.

“పరాయి దేశంలో నాకు అక్షరం రాదు. దేవుడు నాకొక పిలగాణ్ని పంపినాడు. వాడు నా కొడుకుకు జాబులు రాసినాడు. ఆ జాబులు చూసుకోని నా కొడుకు బడి మానల్యా.”

ఇన్నేళ్లూ ఆమెని దేవుడు నాకు పంపాడో లేదో అని వాదించుకుంటున్నవాణ్ని. నన్నే ఎవరో ఎవరికో పంపి ఉంటారన్న ఊహే నాకు రాలేదు. తల ఎత్తలేకపోయాను, మడిచేసిన జాబు గుర్తొచ్చి.

ఇంటికెళ్లాక, అన్నం ముందు కూర్చున్నప్పుడు, చెప్పేశాను. ఆ జాబులో ఏముందో, నేనేం చదవలేదో. సంగటి కలుపుతున్న చెయ్యి ఆగింది.

“అప్పుడే చెప్పింటే దుడ్లు మా చెల్లెలికి పంపేదాన్ని గదా. ఇంకా రెండేండ్లు వానికే పంపినాను.”

నేను ఏమీ అనలేదు. ఏమనాలి?

“నువ్వేందో మడిచినావని ఆ పొద్దే తెలుసు. చర్చిలో ఆ మాట చెప్పలేదులే,” అని నా పళ్లెంలో ఇంకో ముద్ద వేసింది.